హాట్ ప్రెస్‌లో బీరు, గోడ మీద సంబంధం

బాలింకాలిగ్,
ఏప్రిల్ 2020

చిరంజీవి రేవంత్‌కి పక్కింటి గిరిజాకుమారి ఆంటీ దీవెనలు.

డెబ్బై దాటినవాళ్లు గడప దాటకూడదన్నారు కదా, అందుకే ఈ ఉత్తరం పెరటి గోడ మీద రాయి కింద పెడుతున్నాను. ఫోన్ చేద్దామంటే మీ అంకుల్ పక్కన కూచుని నా ప్రతి మాటా సరిదిద్దుతారు. డాక్టరుగా రిటైరయ్యాక ఆయనకి మిగిలిన పేషెంటుని నేనొక్కదాన్నే.

మా ఆఖరి చెల్లెలి కూతురు లోహితకి నీ గురించి చెప్పాను. డ్రోహెడా ఆస్పత్రిలో డాక్టరు, చక్కటి పిల్ల. ఫోటో ఇందులోనే పెట్టాను. "కుర్రాడు చుక్క ముట్టడు" అని నా పూచీ మీద చెప్పాను. అది ఆలోచిస్తోంది.

అన్నట్టు, మన ఉమ్మడి గోడకి అవతల మీ హాట్ ప్రెస్‌లోంచి, అదే, వేడినీళ్ల డ్రమ్ముండే అలమరలోంచి, బుడుక్ బుడుక్‌మని చప్పుడొస్తోంది. పుల్లటి వాసన కూడాను. ఏమిటది?

నీ మేలు కోరే
గిరిజాకుమారి

తా.క.: నీకు దగ్గు ఉంటే ముందే చెప్పు. ఉత్తరం ఇస్త్రీ చేసి చదువుతాను.

*

గిరిజ ఆంటీకి నమస్కారాలు.

దగ్గేం లేదు ఆంటీ, ఇక్కడివాళ్లన్నట్టు ఐయామ్ గ్రాండ్. అది... దోసెల పిండి. ఈ చలికి బయట పులవదని బకెట్లో పోసి హాట్ ప్రెస్‌లో పెట్టాను. గాలి పోవడానికి మూతకి గొట్టం బిగించాను. అందుకే ఆ చప్పుడు.

లోహిత గారు ఏమైనా అన్నారా?

విధేయుడు
రేవంత్

తా.క.: వాసన రెండు వారాలుంటుంది. బార్లీ కలిపాను.

*

నాయనా రేవంత్,

బకెట్టెడు పిండా! ఒంటిగాడివి, ఏం చేసుకుంటావురా? ఈ దేశం వచ్చినప్పటినుంచీ మా పిండి ఒక్కనాడూ సరిగ్గా పులిసి చావలేదు. గోడ మీద గిన్నె పెట్టాను, కాస్త పొయ్యి.

లోహితకి చెప్పాను. "బకెట్టా?" అని ఊరుకుంది. మురిసిపోయినట్టుంది.

ఆశీస్సులతో
ఆంటీ

తా.క.: అబద్ధాలాడే అబ్బాయిలంటే దానికి మంట. నువ్వు దొరకడం దాని అదృష్టం.

*

ఆంటీకి నమస్కారం.

పిండి పెట్టాను. మూత గట్టిగా పెట్టకండి, పొంగుతుంది. బాగా పొంగుతుంది.

మీ
రేవంత్

తా.క.: కాస్త గోధుమరంగులో ఉంటే అది బార్లీ. ఇంకేం అడక్కండి ఆంటీ, ప్లీజ్.

*

బంగారుకొండ రేవంత్‌కి,

పిండి పొంగి గట్టంతా పారింది! దోసెలు దూదిపింజలు! శనివారం ఒంటిపూట కదా, రాత్రి పలహారానికి అవే తిన్నాను. మీ అంకుల్ ఆవురావురుమని తిని, "ఈ రుచి ఎక్కడో తగిలిందే" అంటూ ఆలోచనలో పడ్డారు.

లాక్‌డౌన్ పెట్టిన రెండు కిలోమీటర్ల హద్దులోపలున్న తెలుగువాళ్లందరికీ కబురు పాకింది. లీలారాణి గిన్నె పట్టుకుని వస్తుంటే గార్డ్స్, అదే ఇక్కడి పోలీసులు, ఆపారట. పిండి ఎసెన్షియల్ అని చెప్పిందట. వదిలేశారు!

లోహితతో కూడా అన్నాను, "జన్మంతా నీకు దోసెలకి లోటుండదే" అని. ఆదివారం ఏ సంగతీ తేల్చి చెప్తానంది. ఇంక అయిపోయినట్టే అనుకో.

నీ పెళ్లిపెద్ద
గిరిజాకుమారి

తా.క.: నిన్న కిటికీలోంచి చూశాను. పిండిని సీసాల్లో పోసి మూతలు బిగిస్తున్నావెందుకురా?

*

ఆంటీకి,

ఇక దాచలేను. అది బీరు. పబ్బులు మూసేశాక కిట్టు తెప్పించుకున్నాను. డబ్బాలో బార్లీ పాకం వస్తుంది. నీళ్లు, పంచదార, ఈస్టు కలిపి వెచ్చగా ఉంచితే చాలు. నేను చుక్క ముట్టనని మీరు పూచీ ఇచ్చాక చెప్పడానికి నోరు రాలేదు. మీరు గిన్నె పెట్టేసరికి భయపడి, బియ్యం మినప్పప్పు రుబ్బి, బకెట్టు అడుగున పేరుకున్న ఈస్టు మడ్డి కొంత తీసి కలిపేశాను. శనివారం మీరు తిన్నది అదే. క్షమించండి.

లోహిత గారి ఫోటో మీరు పంపినప్పటినుంచీ నాకు వేరే ధ్యాస లేదు. అయినా నిజం చెప్పేయండి. సంబంధం పోతే పోనీండి, ఆవిడ్ని మాత్రం మోసం చెయ్యలేను.

తలెత్తుకోలేని
రేవంత్

తా.క.: మీ గిన్నె శానిటైజ్ చేసే వాడాను ఆంటీ. బీరు తయారీలో అదే మొదటి పాఠం.

*

ఓరి నీ దుంప తెగ!

శనివారం పూటా నా చేత బీరు మడ్డి తినిపిస్తావురా? ఉత్తరం చదివి కళ్లు తిరిగి కూలబడ్డాను. మీ అంకుల్ పరిగెత్తుకొచ్చి బీపీ చూశారు. నార్మల్‌గా ఉందని కాస్త నిరుత్సాహపడ్డారు.

లోహితకి ఫోన్ చేసి, "మోసపోయామే తల్లీ, వాడు ఇంట్లో బీరు కాస్తున్నాడు" అని ఏడ్చాను. అది పగలబడి నవ్వింది.

"పెద్దమ్మా, వద్దని చెబుదామనే ఫోన్ తీశాను. బకెట్టెడు పిండి నిలవచేసేవాడితో నేను వేగలేను. వార్డులో డ్యూటీ చేసొచ్చి మళ్లీ పెనం ముందు నిలబడాలా? బీరేనా? హమ్మయ్య! తనంతట తనే నిజం ఒప్పుకున్నాడు కూడా. నంబరియ్యి, నేనే మాట్లాడతాను" అంది.

నీ నంబరు ఇచ్చాను. తీసిపెట్టు. దోసెల ఊసెత్తావో, చంపేస్తాను.

కాబోయే పెద్దత్తగారు
గిరిజాకుమారి

తా.క.: ఆ పిండి కిటుకు మా పుట్టింటిదని లీలారాణితో సహా అందరికీ గొప్పలు చెప్పుకున్నాను. కాబట్టి నోరు మూసుకుని, శనివారంలోగా ఇంకాస్త మడ్డి పంపు.