ఇప్పుడు కనిపిస్తున్నవి సమాధి పాటలు మాత్రమే

జాకరమెట్ట, పెదబయలు మండలం
ఫిబ్రవరి 9

'కొండపాట' వెబ్‌సైటు చూసుకునే సోదరి సుజానాకు, జాకరమెట్ట ప్రార్థన మందిరంలో వాక్యం చెప్పే యేసుపాదం వందనాలతో రాయునది.

ముందుగా కృతజ్ఞతలు. మా పాటల పుస్తకాన్ని చెదలు తినేస్తే మీవాళ్లు వచ్చి ట్యాబ్ ఇచ్చారు. ఇందులో ఆరువందల నలభై పాటలున్నాయన్నారు. ఆ రోజు మీ అందరి కోసం గంటసేపు మోకాళ్ల మీద ఉన్నాను.

అమ్మా, నాకొక పద్ధతి ఉంది. ఆదివారం పాట నేను ఎంచుకోను. ప్రార్థన చేసి పేజీ తెరుస్తాను. మీ పేజీ రోజుకో పాటను పైకి తెస్తుంది కదా, అదే ఆ రోజుకు దేవుడిచ్చిన పాట. అయితే ఆరు ఆదివారాలుగా ఆయన సమాధి పాటలే ఇస్తున్నాడు. మా సంఘంలోని గంగ బిడ్డకు పేరు పెట్టిన రోజున "మట్టిలో నిదురించు మా సోదరా" పాడాము. గంగ ఆనాటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

నిన్న లెక్కపెట్టాను. పద్నాలుగే పాటలున్నాయి. తక్కినవి ఎవరు తీసేశారు? గ్రంథంలోంచి మాటలు తీసేసేవారికి ఏమవుతుందో బైబిల్లో ప్రకటన గ్రంథం ఇరవై రెండో అధ్యాయం పంతొమ్మిదో వచనం చూసుకో. కోపంతో కాదు, ప్రేమతోనే రాస్తున్నాను.

ప్రభువు పనిలో,
యేసుపాదం

తా.క. కోపం కూడా కొంచెం ఉంది.


విశాఖపట్నం
ఫిబ్రవరి 12

యేసుపాదం అయ్యగారికి సుజానా వందనాలు.

పాటలన్నీ భద్రంగా ఉన్నాయి. మీ ట్యాబ్‌లో ఫిల్టర్ ఏదో ఆన్‌లో ఉండిపోయినట్టుంది. పేజీ మూలన మూడు గీతల గుర్తు నొక్కితే పెళ్లి, పంట, సమాధి అని సందర్భాల పేర్లు వస్తాయి. వాటిలో ఒకదానికి టిక్ పెడితే ఆ పాటలే చూపించి, తక్కినవన్నీ దాచేస్తుంది. మనం తీసేదాకా అలాగే ఉంటుంది. దయచేసి ఆ టిక్ తీసేయండి.

మీ ఆశీర్వాదం కోరుతూ,
సుజానా

తా.క. ఆ వచనం ఆఫీసులో అందరం చదివాం. మా మేనేజరు గణపతిరావు గారు రెండుసార్లు చదివారు.


జాకరమెట్ట
ఫిబ్రవరి 20

సోదరి సుజానాకు శుభములు.

నీ ఓపికకు వందనాలు. కానీ నేను ఏ టిక్కూ పెట్టలేదు. ఎంచుకోవడం నా పద్ధతి కాదని ముందే రాశాను. పేజీ పైనుంచి కిందికి వెదికాను, టిక్ ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు. బెల్షస్సరు రాజు అంతటి పాపికే దేవుడు అతని చావు కబురు గోడ మీద రాసి చూపించాడు. రాయనిదాన్ని నేనెలా నమ్మను? కాబట్టి ఇది మీ పొరపాటు కాదు, పైనుంచి వచ్చిన హెచ్చరికే. మా సంఘంలో ఒకరికి కాలం దగ్గరపడింది. మొన్న ఆదివారం ఆ మాటే ప్రకటించాను.

పోలయ్యకు డెబ్బై ఎనిమిదేళ్లు, ముందు వరసలో కూర్చుంటాడు. లేచి నిలబడి, "ఎవులు బాబూ, నానేనా? బేగి సెప్పు, కాఫీ పళ్లు ఏరాల" అన్నాడు. నేను జవాబివ్వకుండా యెషయా ముప్పై ఎనిమిది తెరిచి, నీవు మరణమవుచున్నావు, ఇల్లు చక్కబెట్టుకో అని హిజ్కియా రాజుకు చెప్పిన భాగం చదివాను. అందరూ పోలయ్య వైపు చూశారు.

ఇంటికి వెళ్లి మంచమెక్కాడు. సిల్వర్ ఓక్ చెట్టు కొట్టించి పెట్టె చేయించాడు. పనస చెట్టు తగువులో ఇరవై ఏళ్లుగా మాటల్లేని తమ్ముడు గాసిని పిలిపించి, ఆ చెట్టు ఇచ్చేశాడు. అన్నం మానేశాడు. రోజుకు రెండు గుటకల గంజి, అదీ బతిమాలితేనే. నేనూ నా ఇల్లు చక్కబెట్టుకుంటున్నాను. అందరూ చేయవలసిన పనే కదా.

ప్రార్థనలో,
యేసుపాదం

తా.క. పెట్టె పొట్టిగా వచ్చింది. రోజూ అందులో పడుకుని చూసుకుంటున్నాడు. మోకాళ్లు ముడుచుకుంటానులే అంటున్నాడు.


విశాఖపట్నం
ఫిబ్రవరి 22

అయ్యగారూ, వందనాలు.

ముందు పోలయ్య తాత చేత అన్నం తినిపించండి. మీ ఊరికి ఫోను కలవడం లేదు, అందుకే ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

తప్పు మాది. టిక్ పెట్టుకునే చోటు పెట్టాం గాని, టిక్ ఉందని పేజీ మీద చెప్పే మాట పెట్టలేదు. మీరు వెదికినా కనిపించకపోవడం అందుకే. ఇక్కడి రికార్డులో చూస్తే, డిసెంబరు 30న సాయంత్రం నాలుగింటికి మీ ట్యాబ్‌లోనే ఎవరో 'సమాధి' నొక్కారు.

ఆదివారమైనా అందరం ఆఫీసుకొచ్చి మార్చేశాం. ఇక ఏ ఫిల్టర్ ఆన్‌లో ఉందో, ఎన్ని పాటలు దాగి ఉన్నాయో పేజీ పైనే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. పక్కన ఇంటూ గుర్తు ఉంటుంది. అది నొక్కితే పాటలన్నీ తిరిగి వస్తాయి. వెంటనే తెరిచి చూడండి.

సుజానా

తా.క. తాతకు ఏమైనా అయితే ఆ వచనం మనకు వర్తిస్తుందా అని గణపతిరావు గారు అడగమన్నారు.


జాకరమెట్ట
మార్చి 2

నా బిడ్డలాంటి సుజానాకు యేసుపాదం చేతులెత్తి వందనం చేస్తూ రాయునది.

ఉత్తరం అందగానే ట్యాబ్ పట్టుకుని మందిరం గుమ్మంలోకి పరుగెత్తాను, సిగ్నల్ దొరికేది అక్కడే. పేజీ పైన రాసి ఉంది. "ఇప్పుడు కనిపిస్తున్నవి సమాధి పాటలు మాత్రమే. 626 పాటలు దాగి ఉన్నాయి." బెల్షస్సరు కూడా అంతగా వణికి ఉండడు.

డిసెంబరు ముప్పై, మా సంఘంలోని కొండబాబు తల్లిని మట్టి చేసిన రోజు. సమాధి దగ్గర మాత్రం పాట ఎంచుకోక తప్పదు. చలికి కొంకర్లు పోయిన ఈ వేలితోనే నొక్కాను, నొక్కి మరిచిపోయాను.

పోలయ్య మంచం దగ్గర మోకరించి తప్పు నాదని చెప్పాను.

"అయితే నాను సావనా?"

"ఇప్పట్లో కాదు తాతా."

"మరి పనస సెట్టు ఇచ్చేసినాను గదా."

గాసి గుమ్మంలోనే ఉన్నాడు. "సెట్టు నీదేలే అన్నా. కాయలు మాత్రం ఇద్దరం కూకుని తిందుం" అన్నాడు. పోలయ్య లేచి కూర్చుని అంబలి అడిగాడు. ఇప్పుడు ఆ పెట్టెలో చోళ్ల గింజలు పోసుకున్నారు.

అమ్మా, ఒకటి దాచాను. ఆ పాటలు నా కోసమే వచ్చాయని మొదటి నుంచీ నా భయం. పేజీ తెరిచేది నేనే కదా. అందుకే అందరూ పోలయ్య వైపు చూసినప్పుడు నోరు మూసుకున్నాను. లోకానికి ధైర్యం చెప్పే నోరు అది. ఇంటికొచ్చి నా భార్య తెరిసమ్మ దగ్గర పాపం ఒప్పుకున్నాను. పదిహేడేళ్ల కిందట ఆమె ఎర్రకోడిని నక్క ఎత్తుకుపోలేదు. మైదానం నుంచి వచ్చిన బోధకుల కోసం నేనే కోయించాను. నేను పోయేవాడిని కదా అని ఏడ్చి క్షమించింది. పోవడం లేదని తెలిశాక క్షమాపణ వెనక్కి తీసుకుంది. "కోడిని తెత్తే మాటాడుదుం" అంది.

నిన్న ఆదివారం ఇంటూ గుర్తు నొక్కి పేజీ తెరిస్తే పెళ్లి పాట వచ్చింది. గంగ కూడా గొంతు కలిపింది. పెళ్లి ఎవరికోనని పోలయ్య ఆశగా చుట్టూ చూశాడు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే వరసలో కూర్చుని పాడటం ఈ మందిరం ఇరవై ఏళ్లుగా చూడలేదు. నా తప్పులోంచి ఇంత మంచి తీసినవాడికీ, ఆ తప్పును నాకు చూపించిన నీకూ నేను రుణపడ్డాను. గణపతిరావు గారిని భయపడవద్దని చెప్పు.

మీ అందరి కోసం ఇప్పుడూ మోకాళ్ల మీదే ఉండే,
యేసుపాదం

తా.క. తెరిసమ్మ ఒక మాట రాయమంది. "ఆ సుజానా గుంటకి సెప్పు, ఆ రాత మా ముసిలోడి నుదుటి మీద కూడా పెట్టమను. నానొచ్చిన కాడ్నుంచి కోపం ఒకటే అగుపడతంది. మిగతాయి దాగున్నాయో, అసలు లేవో తెలీక సస్తన్నాను." దాగి ఉన్నాయమ్మా. నిన్న నరకం ఊసెత్తకుండా ప్రసంగం చేశాను. పావుగంటలో అయిపోయింది. రేపు సంతకు వెళ్తున్నాను, ఎర్రకోడి కోసం.