షిఫ్టు దిగినాక చెప్పే కబురు

గోదావరిఖని,
18 జూన్ 2023, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు జైపాల్‌కు,

అక్క సంధ్యారాణి దీవెనలు. ఉత్తరం మొదట్లో మేమందరం క్షేమం అని రాయాలని బడిలో నేర్పారు. ఈ ఎండల్లో ఆ మాట రాయడానికి పెన్ను కదలడం లేదు. నువ్వు క్షేమంగా ఉండాలని మాత్రం రాసి ముందుకు పోతున్నాను. మిరుగం కార్తె దాటింది, ఒక్క చినుకు లేదు. మా అంగన్‌వాడీ పిల్లలు పొద్దున పదింటికే చెమటతో తడిసి ముద్దవుతున్నారు.

ఫోనుండగా ఈ ఉత్తరమేంది అని నవ్వుతావు. నవ్వుకో. నువ్వు ఆదివారం గుట్టెక్కి సిగ్నల్ దొరికించుకుని చేసే ఫోనులో సగం హలో హలోలకే పోతుంది. మిగతా సగంలో నేను పనికొచ్చే మాట ఎత్తానా, వానొస్తున్నదక్కా అని పెట్టేస్తావు. కాగితం మీదైతే నా మాటకు అడ్డం రాలేవు. గోలేటి వీరేందర్ మీ క్యాంపుకే మెకానిక్‌గా వస్తున్నాడు కాబట్టి అతని చేతికిచ్చి పంపుతున్నాను. చింతకాయ తొక్కు కూడా పెట్టాను. సీసా మొత్తం ఒక్కడివే నాకకుండా తోటివాళ్లకూ పెట్టు.

ఫోను చేసినప్పుడల్లా బావ ఏడి అని అడుగుతావు. డ్యూటీకి పోయిండంటే, ఐతారం నాడు కూడా ఏం డ్యూటీ అని గులుగుతావు. మీ బావ సంగతి నీకు తెలియనిదా? ముప్పై ఏళ్లు భూమి కింద పనిచేసి, డాక్టర్లు అన్‌ఫిట్ అని రాసి దింపేశాక ఇంటిపట్టున ఉండమంటే విన్నాడా? ఓపెన్‌కాస్టు గని కోసం మన ఊరినీ, ఊరెనక అడవినీ లేపేశాక అక్కడ పోసిన మట్టిగుట్ట మీద మొక్కలకు నీళ్లు పోసే పనికి ఒక కంట్రాక్టరు దగ్గర కుదిరాడు. అక్కడ పెట్టినవన్నీ నీలగిరి, సుబాబుల్. వాటి నడుమ ఈయన ఒక ఇప్పగింజ నాటి, అది మొలిచిందని కాలనీ అంతా చాటింపు వేశాడు. పిల్ల పుట్టినప్పుడు కూడా అంత చాటలేదు.

బోర్నియో నుంచి నువ్వు పంపిన ఫొటోలు ఆయనకు పెద్ద సంబరం. మా బామ్మర్ది ఉన్న అడవి జూడుండ్రి, నలుగురు చేతులు పట్టుకున్నా అందని చెట్లట, అని చాయ్ హోటల్లో ఎవరు దొరికితే వాళ్లకు చూపించాడు. చూపించినంతసేపూ నవ్వి, ఇంటికొచ్చాక మాత్రం చివరి ఫొటో దగ్గర ఆగిపోయాడు. అందులో చెట్లు లేవు. ఎర్రమట్టి, బొగ్గు తవ్వే నీ మిషను, పక్కన నువ్వు బొటనవేలు ఎత్తి నవ్వుతూ.

నువ్వు చెప్పిన మాటలే నీకు మళ్లీ చెబుతాను, కొత్తవేమీ కాదు. అక్కడ చెట్లే ఆవిరి వదులుతాయని, పొద్దున పొగలా లేచిన ఆ నీళ్లే మాపటికి వానై పడతాయని నువ్వే అన్నావు. అంత పెద్ద చెట్ల కింద మట్టి చూస్తే బెత్తెడే అన్నావు. చెట్టు పోతే ఒక్క పెద్దవానకు ఆ బెత్తెడూ కొట్టుకుపోతుందని, తాగే నది చాయ్ రంగుకు తిరిగిందని, పెద్దముక్కు పక్షులు మిషను చప్పుడుకు లేచిపోయి మళ్లీ రాలేదని అన్నావు. ఇవన్నీ తెలిసే బకెట్ వేస్తున్నావు కదా తమ్మీ. తెలియక చేసేవాడి మీద నాకు ఇంత కోపం రాదు.

మన గనుల్లో పైకప్పు రాయి మీద ఆకుల అచ్చులు కనిపిస్తాయని బావ చెబుతుంటాడు. అలాంటిదొకటి తెచ్చి కిటికీలో పెట్టాడు, నాలుక ఆకారంలో ఉంటుంది. ఎప్పటిదో తడి అడవి మట్టిలో కూరుకుపోయి బొగ్గయింది, సచ్చిన అడవిని తియ్యనీకి బతికున్న అడవిని సంపుతున్నం, మనకన్న పిచ్చోళ్లు ఉండరు, అంటాడు. ఆ బొగ్గు కూడే మనం తిన్నాం. కాదనను. బాపు గని కూలీతోనే నువ్వు ఐటీఐ చదివావు. కానీ ఊరెనక అడవి ఉన్నంతకాలం వాగు ఎండాకాలం కూడా పారేది. ఇప్పుడు ఆ వాగు ఎక్కడుండేదో చూపించమంటే నాకే తెలియదు.

నీ చోట పొద్దున్నే చాప పరుచుకుని మిషను ముందు కూర్చునే ముసలమ్మ గురించి నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. అక్కడి వాగవతల ఉన్న చెట్ల కింద వాళ్ల పెద్దలను పూడ్చారని కూడా నువ్వే చెప్పావు. మనల్ని కన్న అవ్వ పోశవ్వ కూడా ఊరు లేపేనాడు ఇట్లనే ఇప్పచెట్టు కింద కూర్చుని లేవనన్నది, మరిచావా? ఊరు పోయిన ఏడాదికే ఆమె కూడా పోయింది.

అవ్వ పోయిననాడు బాపు రెండో షిఫ్టులో ఉన్నాడు. కబురు గని మీదికి చేరింది గానీ కిందికి పోలేదు. భూమి కింద ఉన్నవాడికి ఎవరూ చావుకబురు చెప్పరు కదా, మనసు చెదిరినోడు పైకప్పు చూసుకోడని. షిఫ్టు దిగి, దీపం అప్పజెప్పి, స్నానం చేసి వచ్చేదాకా అందరూ ఊరుకున్నారు. షిఫ్టు మీద పెత్తనం చేసే సర్దార్, ఎన్నడూ ఎవరికీ చాయ్ పొయ్యనివాడు, ఆనాడు తన చేత్తో గ్లాసు అందించి, తాగు రాజం, తాగినంక మాట్లాడుదం, అన్నాడట. బాపు బతికున్నన్నాళ్లు ఎవరైనా పిలిచి చాయ్ ఇస్తే ముందు వాళ్ల ముఖంలోకి చూసేవాడు.

ఇక అసలు సంగతి. నీ కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతుంది. వాగవతలి ముక్క తవ్వడానికి ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమంటున్నారని, పెడతానని అన్నావు. పెట్టకు. అక్కగా చెబుతున్నాను, బతిమాలుతున్నాను, ఎట్లా అనుకుంటే అట్లా అనుకో. నేను దిగితే ఇంకొకడు ఎక్కుతడు అంటావు. ఎక్కనీ. వాడికీ ఒక అక్క ఉంటుంది, వాడి సంగతి ఆమె చూసుకుంటుంది. నేను నిన్ను అడుగుతున్నాను. ఆ అడవి అక్కడి ముసలమ్మదే కాదు, అక్కడ లేచే మబ్బు ఏ దేశం పోయి కురుస్తుందో ఎవడికి తెలుసు? అది పోయాక ఏమవుతుందో నీకెవరూ చెప్పనక్కర్లేదు, మన ఊరు చూశావు. పుట్టినచోట ఒకసారి చూసి, మళ్లీ ఇంకొకరి ఊళ్లో నీ చేత్తోనే చేస్తానంటే నేను ఒప్పుకోను.

ఇక్కడ పనికి కొదవ లేదు. పెద్దపల్లిలో జేసీబీ వాళ్లు మనుషుల కోసం తిరుగుతున్నారు. సంబంధాలు కూడా చూస్తున్నాను, ఒక అమ్మాయి నీ ఫొటో చూసి ఇంత నల్లగైండేంది అన్నది. బొగ్గు బాయిల పిల్లడు తెల్లగుంటడా అని నేనూ గట్టిగానే అన్నాను.

నీ మీద ప్రేమా కోపమూ రెండూ తగ్గని,
అక్క సంధ్యారాణి.

తా.క.: వీరేందర్‌కు ఒక మాట చెప్పి పంపాను. క్యాంపుకు రాగానే ఉత్తరం ఇవ్వొద్దు, జైపాల్ మిషను దిగి, స్నానం చేసి, చాయ్ తాగినాకనే ఇవ్వు అని. అతను తన చేత్తోనే నీకు చాయ్ ఇచ్చి ఉంటాడు. తొక్కు సీసా చూసిన సంతోషంలో నువ్వు అతని ముఖం చూసి ఉండవు.

బావ లేడు తమ్మీ. మే నెలలో ట్యాంకరు రాని రోజున, ఇప్పమొక్క వాడిపోతుందని మిట్టమధ్యాహ్నం బిందె మోసుకుని మట్టిగుట్ట ఎక్కాడు. వడదెబ్బ తగిలి అక్కడే పడిపోయాడు. లాగి పడుకోబెట్టడానికి తోటివాళ్లకు జానెడు నీడ దొరకలేదట. దవాఖానకు చేరేలోపే పోయాడు. నిన్ను ఉయ్యాల్లో వేసి అవ్వ ఇప్పపూలు ఏరుకున్న నీడ ఆ చోటనే ఉండేది.

తడిసిన బండ అంచున అంత పెద్ద మిషను మీద కూర్చునేవాడికి ఈ కబురు ఫోనులో ఎట్లా చెప్పను? కాలనీలో ఎవరూ నీకు చెప్పకుండా అందరికీ దండం పెట్టాను. నాకు పుట్టింటి చీర నువ్వు పెట్టాల్సింది, వీరేందర్ వాళ్ల అమ్మ పెట్టింది. బావ అంటాడని పైన రాసిన మాటలన్నీ ఆయనవే, అనే మనిషే లేడు. ఇప్పమొక్క కూడా ఎండిపోయింది.

చావుకబురు విన్నవాడిని తర్వాతి షిఫ్టుకు దించరు. బాపు ఆనాడు సగం తాగిన గ్లాసు కింద పెట్టి, తిన్నగా ఇంటికొచ్చాడు. నువ్వూ రా.