కాయ మాట వినే యంత్రం

చంతబురి తోట,
మే 20

ప్రియమైన లమ్యాయ్ అక్కకు,

ముందు ఎర్ర తాడు కట్టిన గంప విప్పు, ఉత్తరం అందులో ఉంది. ఇది చదువుతున్నావంటే విప్పేసినట్టే లే. ఈసారి నీ కొట్టుకు ఇరవై గంపల డూరియన్లు పంపుతున్నాను, అన్నీ ముదిరిన కాయలే. నేను చెట్టెక్కి కత్తి వెనకవైపుతో కాయను కొట్టి, విని కోస్తాను. నీ మరదలు ఉరై కింద గోనెసంచి పట్టుకుని అందుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా మా కాపురం ఇలాగే సాగుతోంది.

నువ్వు తిప్పి పంపే ఖాళీ గంపల అడుగున పరిచే పాత పేపర్లే నాకు లోకజ్ఞానం. మొన్నటి గంపలో చదరంగం వార్త వచ్చింది. ఏదో యంత్రం ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాణ్ణి ఓడించిందట. ఉరైకి చదివి వినిపిస్తే, "గెలిచాక అదేం తిందట?" అంది.

"యంత్రం ఏం తింటుందే?" అన్నాను.

"తినని దానికి గెలుపెందుకూ, దండగ!" అని సంచి దులుపుకుంటూ పోయింది.

నాకూ అంతే అనిపించింది. చదరంగం నీడపట్టున కూర్చుని ఆడేది. కొమ్మ మీద కాలు ఆనించి, ముళ్ల కాయ ఏం చెబుతోందో వినమను చూద్దాం. లేత కాయ 'టక్' అంటుంది, ముదిరింది 'బొద్' అంటుంది. ఆ రెంటికీ మధ్య ఎన్ని చప్పుళ్లున్నాయో మన నాన్నకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

నీ తమ్ముడు,
బున్‌లూ

*

బ్యాంకాక్,
మే 28

చెట్టు దిగని మా తమ్ముడికి,

కాయలు అందాయి. ఉరై మాట బజారంతా చెప్పాను. పక్క కొట్లో చేపలమ్మే ఆవిడ నవ్వి నవ్వి కూలబడింది. ఈ మధ్య కొత్తగా డూరియన్ చిప్స్ వేయించడం మొదలుపెట్టాను. కొట్టు ముందే బాణలి పెట్టాను, బడి వదిలితే చాలు పిల్లలు మూగుతున్నారు. వేళ్లు కాస్త కాలాయి గానీ కంగారు పడకు.

ఈ గంప అడుగున గొర్రె వార్త ఉంది, చూడు. ఒక గొర్రెకు అచ్చు గుద్దినట్టు అలాంటి గొర్రెనే పుట్టించారట, తండ్రితో పని లేకుండా! "మా ఆయనతో ఏం పని లేదని నేనెప్పుడో చెప్పాను, పేపరోళ్లకు ఇప్పుడు తెలిసింది" అంది చేపలావిడ. వాళ్లాయన పక్కనే కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నాడు పాపం.

ఇంకో ముక్క అడుగున పరచలేదు, మడిచి పైన పెట్టాను. డూరియన్ను కొడితే వచ్చే చప్పుడు విని, ముదిరిందో లేదో చెప్పే యంత్రాన్ని ఒక అమ్మాయి తయారు చేసిందట. కోప్పడకుండా చివరిదాకా చదువు.

ఏప్రిల్లో నీళ్ల పండక్కి వచ్చినప్పుడు నిన్ను అన్నానికి మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి ఉరై వచ్చి భుజం తట్టాక లేచావు. ఆ జలుబు తగ్గిందా?

ప్రేమతో,
అక్క

*

చంతబురి,
జూన్ 7

అక్కకు,

జలుబు ఎప్పుడో తగ్గింది. ఆ రోజు రేడియో మోగుతోంది, అంతే. దానికేదో పెద్ద కథ అల్లకు.

నువ్వు పంపిన ముక్క చదివాను, తాతకు దగ్గులు నేర్పినట్టుంది. చదివి మడిచేలోగా ఆ అమ్మాయే ఊడిపడింది! పేరు పిమ్. చేతులు జోడించి, "పెద్దనాన్నా, మీ అక్కగారు పంపారు" అంది. నీ నిర్వాకం అప్పుడు తెలిసింది. అన్నం డబ్బా అంత పెట్టె, దానికో తీగ, తీగ చివర రబ్బరు మూతి. ఇదట నాన్న చెవికీ నా చెవికీ సాటి!

నాకు ఒళ్లు మండింది. "రేపు ఇరవై కాయలు పెడదాం. ముందు నేను చెబుతా, తర్వాత నీ డబ్బా చెప్పాలి. కోసి చూద్దాం. నేను ఓడితే ఈ కత్తి నీకిచ్చేసి చెట్టు దిగిపోతా" అన్నాను. గ్రామపెద్ద తీర్పరి. వీధి వీధంతా వస్తామంటున్నారు. ఉరై పెళ్లికి వండినట్టు కొబ్బరిపాలతో జిగురన్నం వండుతోంది. ఎవరి పెళ్లో తెలియదు.

నాకు వేరే పని రాదక్కా. ఈ చెవి అక్కర్లేదంటే నేనేం చెయ్యాలో కూడా నీ పేపర్లో రాశారేమో చూసి చెప్పు.

బున్‌లూ

*

బ్యాంకాక్,
జూన్ 20

బంగారు తమ్ముడికి,

రెండు లారీలొచ్చాయి. కాయలున్నాయి, ఉత్తరం లేదు. ఎర్ర తాడు గంపే కాదు, అన్ని గంపలూ ఆకులు తీసి మరీ వెతికాను. లారీ డ్రైవర్ని అడిగితే, "పెద్దాయన చెట్టెక్కట్లేదమ్మా. నిచ్చెన కింద కూర్చుని చెట్టుకేసి చూస్తున్నాడు" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

ఎవరు గెలిచారో నేను అడగను. ఆ అమ్మాయిని పంపింది నేనే. తిట్టాలనుంటే నన్ను తిట్టు, నాలుగు పేజీలు తిట్టు, కానీ రాయి.

వచ్చే నెలలో అంగారకుడి మీద చిన్న బండి దింపుతారట. "అక్కడైనా బండి ఆపుకోడానికి చోటు దొరుకుతుంది లెండి" అంది చేపలావిడ. నాకు నవ్వు రాలేదు.

చిప్స్ వేయించడం మానేశాను, ఎందుకని అడగకు. ఆఖరి పొట్లం నీకే పెట్టాను.

నీ అక్క,
లమ్యాయ్

*

చంతబురి,
జూన్ 29

అబద్ధాల అక్కకు,

ఓడిపోయాను. ఇరవైలో ఆరు తప్పాను, డబ్బా ఒక్కటి తప్పింది. ఆరూ లేత కాయలే, అన్నీ ముదిరాయన్నాను. ఎవరూ నవ్వలేదు. గ్రామపెద్ద అన్నం గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. నవ్వినా బాగుండేది.

ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను. ఏడాదిగా నాకు 'టక్' వినపడటం లేదు. 'బొద్' వినపడుతుంది, మనుషుల మాట సగం వినపడుతుంది. సన్నని చప్పుడు మాత్రం ఎటో పోతోంది. అందుకే ప్రతి కాయా ముదిరిందనే అనిపిస్తుంది. ఉరైకి కూడా చెప్పలేదు. భయం.

కత్తిని రెండు చేతులా పిమ్‌కి ఇవ్వబోయాను. ఆ పిల్ల తీసుకోలేదు. సంచిలోంచి క్యాసెట్ తీసి గట్టిగా పెట్టింది. "ఇది లేత. ఇది ముదురు. కోసి చూసుకోమ్మా, అన్నం తిన్నావా?" ఆ గొంతు నాదే! రెండేళ్ల కిందట ఎవరో చదువుకునే పిల్ల మూడు రోజులు తోటలో తిరిగి నేను కొట్టిన ప్రతి కాయనూ రికార్డు చేసుకుంది. ఆ పిల్ల ఈ పిమ్మేనట, నేను మరిచిపోయాను. "డబ్బాకు నేనేం నేర్పలేదు పెద్దనాన్నా. మీరు చెప్పిందే వినిపించాను, అదే నేర్చుకుంది" అంది.

అంటే ఆ దగ్గు తాత దగ్గే. నీ పేపర్లో గొర్రె లాగా నా చెవికి అచ్చు నా చెవినే పుట్టించింది. ఇంకెవరైనా ఓడించి ఉంటే కోపం వచ్చేది. నా మీద నేనెలా కోప్పడను? అది అరగడానికి నిచ్చెన కింద రెండు వారాలు పట్టింది. అన్నాళ్లూ డబ్బా చెప్పిన కాయల్ని పక్క తోటవాళ్లు ఎక్కి కోశారు.

మొన్న పిమ్ ఆ డబ్బాకు చెవిలో పెట్టుకునే గొట్టం తగిలించింది. చప్పుడు పెద్దదై వినపడుతుందట. నడుముకు కట్టుకుని చెట్టెక్కాను. మొదటి కాయను కొట్టాను. 'టక్'! ఏడాది తర్వాత అక్కా! దాన్ని కొమ్మకే వదిలేసి ఇంకా కొట్టుకుంటూ పోయాను.

కొమ్మ మీద కూర్చుని నీ పొట్లం విప్పాను. సగం తిన్నాక బుర్ర వెలిగింది. నువ్వు వేయించేది లేత కాయతోనే కదా! నేను ముదిరినవే పంపుతుంటే నీకు రోజూ బాణలికి సరిపడా లేత కాయలెక్కడివి? డబ్బా వచ్చాక ఎందుకు ఆపేశావు? కోసి చూసి, లేతదైతే ఎవరి కంటా పడకుండా వేయించేశావు. నీ కొట్టు పేరూ, నా పేరూ నిలబెట్టడానికి వేళ్లు కాల్చుకున్నావు. నన్ను ఒక్క మాట అనలేదు. నాకు ఏడుపు ఆగలేదు, కన్నీళ్లు టపటపా కింద పడ్డాయి. కింద ఉరై సంచి పరిచి, "ఏం పడేస్తున్నావో చెప్పి పడెయ్యవయ్యా!" అని అరిచింది. అదీ వినపడింది.

వచ్చే లారీలో నేనే వస్తాను. అక్కడ చెవుల డాక్టరుకు చూపిద్దాం. అన్నానికి ఒక్కసారే పిలువు.

ఎర్ర తాడు గంపలో ఐదు లేత కాయలున్నాయి. కంగారు పడకు, ఒక్కొక్కటీ కొట్టి, విని, లేతదని తెలిసే కోశాను. బాణలి పెట్టు.

నీ తమ్ముడు,
బున్‌లూ