నాన్న కూతకు వెళ్లారు

రవన్నా,

నువ్వు చనిపోయాక ఇవాళే మా నాన్న మళ్లీ కబడ్డీ కోర్టుకు వెళ్లారు. జ్వరంతో ఉన్న నిన్ను ఆడించిన కోచ్ ఆయనే కదా, మీ క్యాంప్ 2 బస్తీ కుర్రాళ్లు కొడతారేమోనని నేనూ వెంట వెళ్లాను.

ఎవరూ కొట్టలేదు. ఔటైనవాళ్లు కూర్చునే చోట అందరూ వరసగా కూర్చున్నారు.

"ఏటిరా ఇది? లెగండి," అన్నారు నాన్న.

"మేవందరం ఔటే, సర్‌జీ. మీరొక్కరే ఆడుకోండి," అన్నాడు మీ తమ్ముడు శీను.

నాన్న చెప్పులు విడిచి, నేలకు దండం పెట్టి, కూత మొదలుపెట్టారు. ఎవరో ఒకరు పట్టుకునేదాకా ఆపనన్నట్టు ఆ ఖాళీ కోర్టులో అటూ ఇటూ తిరిగారు. గుండెకు మందులు వాడుతున్న మనిషి. మొహం నల్లబడింది. "చాలు నాన్నా" అని అరిచాను, ఆగలేదు.

శీను లేచాడు. నువ్వు పట్టినట్టే చీలమండ దగ్గర పట్టి, నాన్నను పడేశాడు. మధ్యగీత ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. చెయ్యి చాపితే గెలుస్తారు. చాపలేదు, కూత ఆపేశారు.

"ఔటే," అన్నారు రొప్పుతూ.

శీను కాలు వదల్లేదు. వాడేం చేస్తాడోనని అందరం బిగుసుకుపోయి చూశాం.

కాలు వదిలి, "రేపెన్నింటికి రావాల, సర్‌జీ?" అన్నాడు.

"మీరే సెప్పండ్రా," అన్నారు నాన్న.

మిమ్మల్ని ఏనాడూ ఏదీ అడగని మనిషి కదా. ఆయన గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు, అన్నా.

ఉష