తమ్ముడి చోటు

1944 ఆగస్టు, ఆదివారం రాత్రి

ఈ సాయంత్రం యాన్ దొర మా మిల్లు ఫుట్‌బాల్ టీములో తమ్ముడి చోట వేరే మనిషిని ఖాయంగా పెట్టినాడు. తమ్ముడు రామరాజు బర్మా యుద్ధానికి పోయి ఏడాది దాటింది. ఎండాకాలం నుంచి కబురు లేదు. కుడి పక్క ఆడేది వాడే. కెప్టెన్‌గా నేను ఇన్నాళ్ళూ ఆటకొకరిని నిలబెడుతూ, ఆ చోటును ఎవరికీ ఖాయం చేయనీలేదు.

"వాడు తిరిగి వస్తాడు దొరా" అని గట్టిగానే అన్నాను.

దొర పోలండు మనిషి. అక్కడ పెద్ద టీములో నడిమిన ఆడినవాడు. యుద్ధంలో ఊరు పోగొట్టుకొని వచ్చి, ఇక్కడ మిషన్లు బాగుచేస్తూ మాకు ఆట నేర్పుతున్నాడు. ఈ అరవ ఊళ్ళో నేర్చుకున్న వచ్చీరాని అరవంలో చెప్పినాడు.

"నాతో ఆడినవాళ్ళలో ఒక్కడైనా బతికి ఉన్నాడో లేదో నాకు తెలియదు. చానా కాలం నేను బంతి ముట్టలేదు. వాళ్ళ చోట్లలో వేరేవాళ్ళను చూడలేకపోయినాను. ఇప్పుడు మీ ఆటలో రోజూ చూస్తున్నాను."

ఆట మొదలయింది. ఆ కొత్తాయన బాగానే ఆడినాడు. గోలు కొట్టినప్పుడు అందరితో పాటు నేనూ కేక వేసినాను. వేసినాక నా మీద నాకే అసహ్యం పుట్టింది.

ఇంటికి వస్తే అమ్మ అన్నం పెడుతూ, ప్రతి ఆటకూ అడిగినట్టే అడిగింది.

"వాడి చోట ఎవరినైనా ఖాయంగా పెట్టినారారా?"

"లేదమ్మా. అట్లే ఉంది."

అమ్మ తృప్తిగా ఇంకో గరిటె చారు పోసింది. నేను తల ఎత్తలేదు.