పాప కళ్లు మూసుకొనుట భయము కాదని మనవి

కుటుంబ న్యాయస్థానం న్యాయమూర్తి గారి సముఖమునకు, బస్టాండు వెనుక ఒంటి కుర్చీ సెలూన్ నడుపుకొను అర్జీదారుడు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వారానికి ఒక గంట నా కూతురిని చూచుకొను అనుమతిని రద్దు చేయవలెనని సంక్షేమాధికారిణి గారు ఇచ్చిన నివేదికపై అభ్యంతరము తెలుపుట గురించి.

1. నాకును నా భార్యకును (ఇకపై 'ప్రతివాది' అనబడును, కలిసి ఉన్న రోజుల్లో ఇంతకంటే గట్టి పేర్లతోనే పిలుచుకున్నాము) పడనందున, రెండో తరగతి చదువుచున్న మా పాప ఎవరి వద్ద పెరగవలెనను వ్యాజ్యము తమ వద్ద నడుచుచున్నది. తీర్పు వచ్చువరకు పాప ప్రతివాది వద్ద ఉండవలెనని, నేను శనివారము కోర్టులోని ఆటల గదిలో మాత్రమే చూడవలెనని, బయట ఎక్కడా కలవరాదని తమరు ఆదేశించినారు. శిరసావహించితిని.

2. సదరు ఆటల గదిలో గోడ మీద ఏనుగు బొమ్మ నవ్వుచుండును. ఇంకెవ్వరూ నవ్వరు. ఆట వస్తువులు అద్దాల బీరువాలో ఉన్నవి, తాళం గుమాస్తా గారి జేబులో ఉన్నది, గుమాస్తా గారు సెలవులో ఉన్నారు. కనుక తండ్రీబిడ్డలు ఎదురెదురు ప్లాస్టిక్ కుర్చీలలో కూర్చుని ఆప్యాయత ప్రదర్శించవలెను. సంక్షేమాధికారిణి గారు పక్కనే కూర్చుని దానికి మార్కులు వేయుదురు.

3. గత శనివారము నుదుటి జుట్టు పాప కళ్లలో పడుచుండగా చూడలేకపోయితిని. దానికి జుట్టు మొలిచింది మొదలు నేను తప్ప ఎవరూ కత్తెర పెట్టలేదు. కత్తెరను గేటు దగ్గరే పోలీసు గారు తీసుకున్నందున, కనీసము పక్కకు దువ్వుదామని భుజం మీది తువ్వాలు పాప మెడ చుట్టూ కట్టి, జేబులోని దువ్వెన తీసితిని. పాప వెంటనే కళ్లు గట్టిగా మూసుకొని, పెదవులు బిగించి, కదలక మెదలక కూర్చున్నది. మా సెలూన్‌లో అది పద్ధతి. కదిలితే చెవి తెగుతుంది, నోరు తెరిస్తే నోట్లో వెంట్రుకలు పడతాయి అని నేర్పినది నేనే.

నివేదికలో ఇట్లు ఉన్నది: 'తండ్రి మెడకు గుడ్డ బిగించగా బిడ్డ భయముతో కళ్లు మూసుకొని, మాట పడిపోయి, కొయ్యబారినది.'

అయ్యా, అది భయం కాదండి, నమ్మకం. ముఖం ముందు కత్తెర ఆడుతుంటే కళ్లు మూసుకుని కూర్చోవడానికి ఎంత నమ్మకం కావాలో తమరే ఒకసారి మా కుర్చీలో కూర్చుని చూడవచ్చును. తమరికి ఉచితము. (అది లంచము క్రిందకు వచ్చునని మా వకీలు గారు చెప్పినందున, సగం రేటు.)

4. సదరు అధికారిణి గారు సెలూన్ వెనుక గల నా నివాస గదిని కూడా తనిఖీ చేసి, 'నేలంతా వెంట్రుకలు, అపరిశుభ్రము' అని వ్రాసినారు. ముందర నేల మీద వెంట్రుకలు లేని రోజు వెనుక గదిలో పొయ్యి వెలగదని విన్నవించితిని. 'వాదులాడు స్వభావము' అని అదియు వ్రాసుకున్నారు. పిల్లకు సొంత గది ఉన్నదా అని అడిగినారు. నాకే లేదండి అన్నాను. వ్రాసుకున్నారు.

5. తమరు పాపను లోపలికి పిలిచి, చాక్లెట్ ఇచ్చి, "అమ్మ కావాలా, నాన్న కావాలా?" అని అడిగినారు. "అమ్మ జడలేస్తుంది. నాన్న ముందర జుట్టు కట్ చేస్తాడు. జడలు నాన్నకి రావు, కట్ చెయ్యడం అమ్మకి రాదు" అని చెప్పినదట. 'బిడ్డ స్పష్టమైన అభిప్రాయము తెలుపలేకపోయినది' అని రికార్డు అయినది. ఇంత స్పష్టముగా మా ఇద్దరి వకీళ్లూ ఏనాడూ మాట్లాడలేదు. వాయిదా పడగానే వారిరువురూ ఒకే బండి దగ్గర భుజాల మీద చేతులు వేసుకొని టీ తాగుదురు. మేము మాత్రం పాపకు జ్వరం తగ్గిందా అని అడుగుటకు కూడా వారి ద్వారా నోటీసు పంపవలెను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

6. ఉన్న ఆ ఒక్క గంటా తీసేస్తే నేనేమైపోవాలండి? శుక్రవారం నుంచే నాకు పని మీద ధ్యాస నిలవదు. మొన్న ఒక పెద్దమనిషికి మీసం ఒక పక్క పొట్టిదయింది, ఆయన ఇంకా నన్ను తిడుతూనే ఉన్నాడు. పాప నన్ను మర్చిపోతుందేమోనని భయం. ఈ కేసులో నిజంగా భయపడేవాడిని నేనే. నివేదికలో నా సంగతి ఎక్కడా లేదు.

కావున తమరు దయతలచి, సదరు నివేదికను ప్రక్కన పెట్టి, శనివారపు గంటను కొనసాగించి, వీలైనచో మొన లేని కత్తెర ఒకటి లోనికి అనుమతించవలెనని వేడుకొనుచు, ఇంతటితో చాలించుచున్నాను, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
పాప తండ్రి

తా.క.: ఈ అర్జీ చెప్పినది నేను, వ్రాసినది ప్రతివాది. నా చేతులు ఖాళీగా లేవు. ఈ జుట్టుతో బోర్డు ఎలా కనబడుతుందని టీచరమ్మ కోప్పడినందున, ప్రతివాదే ఇందాక పాపను సెలూన్‌కు తీసుకువచ్చినది. నిన్న వేరే షాపులో కూర్చోబెడితే పాప ససేమిరా కళ్లు మూయనన్నదట. "రాజీకి వచ్చాననుకోకు, జుట్టు కోసం వచ్చాను" అని గుమ్మంలోనే చెప్పింది. గట్టి పేర్ల సంగతి రాయనని కాసేపు పేచీ పెట్టి, నిజమేగా అని రాసింది. ఇది తమ ఆదేశమును ధిక్కరించుటే అని మా ఇద్దరికీ తెలుసు. శిక్ష ఏదైనా ఇద్దరికీ కలిపి వేయండి. కాకపోతే కొంచెం ఆగి వేయండి. పాప కళ్లు మూసుకునే ఉంది, ఇప్పటికి ఎడమ పక్కే అయింది.