చీటీలో రాయని మందు

నాయినా,

పక్షవాతం వచ్చి ఇంటికి చేరాక మేము నిన్ను మంచం దిగనివ్వలేదు. దవాఖాన చీటీలో "రెస్ట్" అని రాసి ఉంది. నీళ్ల చెంబు అందుకోబోయినా అమ్మ కసిరేది. చూస్తుండగానే బాగున్న కాలు కూడా బలం కోల్పోయింది. అట్లాగే పోయావు.

ఈరోజు వనపర్తిలో డాక్టర్లకు, నర్సులకు వ్యాయామాన్ని కూడా మందులాగా చీటీలో రాయాలని శిక్షణ జరిగింది. ఇప్పుడు ఇక్కడి దవాఖానలో ఫిజియోథెరపీ గదిలో హెల్పర్‌ని కదా, కుర్చీలోంచి లేచి కూర్చోవడం వాళ్ల చేత నేనే చేయించాను. ఒక డాక్టరు నవ్వాడు.

"గింతదానికి చీటీ ఎందుకయ్యా? నోటితోని చెప్తే సాలదా?"

నాకు మండింది. "మా నాయినకు రెస్ట్ అని మాత్రం రాసిచ్చిన్రు గద సార్! మా ఊరు పెద్దమందడిల చీటీల రాసిందే మందు. మంచంల నుంచి లేపుమని గూడ రాయుండ్రి."

ఆయన పెన్ను తీశాడు. "ఎన్నిసార్లని రాయాలె?"

"మనిషిని చూసి రాయాలె సార్. మా నాయినకైతే మొదటి రోజు రెండుసార్లు."